ఇంగ్లండు ట్రంకులో వచ్చిన పాట

మొన్న కొత్తకోట దగ్గర హైవే పక్కన టీ తాగుతుంటే ఒక కారు వచ్చి ఆగింది. బెంగళూరు నంబరు. లోపలివాళ్ళు అద్దాలు దించి, టీలు చెప్పి, పాట పెట్టారు. రెండు దెబ్బలు పడ్డాయో లేదో, నేను గ్లాసు బల్ల మీద పెట్టి, చెప్పులు విడిచి, శవం ఎటువైపు ఉందా అని చూశాను.

"ఏమైందన్నా?" అన్నాడు టీ కొట్టు అతను.

ఏమని చెప్పను? కారులో వాళ్ళు భుజాలు ఊపుతూ నవ్వుకుంటున్నారు. వాళ్ళ తప్పేం లేదు, అది భుజాలు ఊపే పాటే. ఎక్కడో ఇంగ్లండులో, నేను లాగులు జారిపోతుంటే పట్టుకుని తిరిగే రోజుల్లో, బడికి పోయే పిల్లలు ఐదుగురు కలిసి పాడిన పాట. ఆ తీరు పాటను రెగ్గే అంటారట. ఈ సంగతులన్నీ నాకు తెలిసి కొన్నేళ్ళే అయింది. అంతకు ముందు మా వాడలో అది శవం లేచే పాట. అది వినపడితే చెప్పులు విడవడం, భుజం ఇవ్వడం తప్ప మాకు ఇంకోటి తెలియదు.

ఆ పాటను అలా చేసినాయన నాకు వరుసకు పెద్దబాపు, అంటే పెదనాన్న. పేరు రాయను. రాసినా లాభం లేదు, పేరు పెట్టి పిలిస్తే ఆయన ఎప్పుడూ వెంటనే పలికేవాడు కాదు. మనం పిలుస్తాం. ఆయన వింటాడు. మధ్యలో ఒక ఖాళీ వస్తుంది. ఇంక వినలేదేమో అనుకుని మనం వెనక్కి తిరిగాక "ఊ" అంటాడు. చేతికి ఫోను వచ్చాక ఈ అలవాటుతో పెద్ద చిక్కే వచ్చింది. ఆయన "ఊ" అనే సరికి అవతలివాళ్ళు పెట్టేసేవాళ్ళు. పాపం, కట్ అయిన ఫోనుతో ఆయన చాలాసేపు మాట్లాడేవాడు. మంచి మాటలన్నీ అలాగే పోయాయి.

తెలంగాణ వచ్చిన రోజు కొత్తకోట చౌరస్తాలో జనమంతా చప్పట్లు కొట్టారు. అందరి చప్పట్లూ ఆగిపోయాక ఒక్క చప్పట వినపడింది. తిరిగి చూస్తే పెద్దబాపు. కాబట్టి తెలంగాణ వచ్చినందుకు చివరి చప్పట మా ఇంటివాళ్ళదేనని నేను ఎక్కడైనా ధైర్యంగా చెప్తాను.

చాయ్ పోస్తే గ్లాసు నిండనిచ్చేవాడు కాదు. "జర ఖాళీ ఉంచు" అనేవాడు. ఎవరైనా తగాదా పడుతుంటే మధ్యలోకి పోయి అదే మాట అనేవాడు. ఒకసారి నేను బస్సు మహబూబ్‌నగర్ గుట్ట మీంచి ఎగిరి అటువైపు దిగిన సంగతి చెప్తుంటే కూడా, అంతా శ్రద్ధగా విని, "మంచిగనే ఉన్నది కొడుకా. జర ఖాళీ ఉంచు. బస్సు గాలిల ఉన్నప్పుడు జరసేపు ఆగు" అన్నాడు. అప్పటినుంచి ఆగుతున్నాను. ఆగిన చోటే జనం నమ్ముతున్నారు.

ఈ ఖాళీ సంగతి ఆయనకు ఎక్కడ పట్టుబడిందో చెప్పాలి.

ఒకప్పుడు మా వాడలో డప్పు లేని ఇల్లు లేదు. ఎవరింట్లో పెళ్ళయినా చావయినా మావాళ్ళ డప్పే ముందు నడిచేది. పెద్దబాపు కొత్తకోటలో డప్పు కొడితే వనపర్తిలో పెళ్ళికూతుళ్ళు తల వంచుకునేవాళ్ళు. నేను చూడలేదు, వంచుకున్నావిడే చెప్పింది. తర్వాత వాడంతా బాప్తిస్మం తీసుకుంది. అప్పటి పాత అయ్యగారు, అంటే మా పాస్టరు, మంచివాడే కానీ ఆయనకు డప్పంటే పడదు. గుడిలోకి వద్దన్నాడు, చావుకూ వద్దన్నాడు. పెద్దబాపు డప్పు గోడకు తగిలించాడు. దాని తోలు ఎలుకలు తిన్నాయి. మిగిలిన చట్రాన్ని పెద్దమ్మ, అంటే ఆయన భార్య, కోళ్ళ గంప మీద పెట్టుకుంది.

డప్పు పోయాకే దాని పనేమిటో తెలిసింది. శవపెట్టెను నలుగురు మోస్తారు. నాలుగు జతల కాళ్ళూ ఒక్కసారి పడాలి. దెబ్బ లేకపోతే ఒకడు ముందు, ఒకడు వెనక. మా వాడనుంచి బొందలగడ్డకు, అంటే సమాధుల దగ్గరికి, పోయే దారి బండల మీంచి దిగుతుంది. అక్కడ పెట్టె ఉయ్యాల ఊగేది. ఒకసారి లోపలున్నాయన మూత తీసి "దించున్రి, నేను నడిచే వస్త" అన్నాడని మా వాడలో చెప్పుకుంటారు. చెప్పుకునేది ఎక్కువగా నేనే అనుకోండి.

అటువంటి రోజుల్లో ఇంగ్లండు ట్రంకు వచ్చింది. అక్కడి గుడివాళ్ళెవరో మా గుడికి పంపిన రేకు ట్రంకు. అయ్యగారు దాని మీద చేయి పెట్టి ప్రార్థన చేశాకే తాళం తీశారు. పాలమూరు ఎండకు సరిగ్గా సరిపోయే ఉన్ని స్వెట్టర్లు, సెల్లులతో నడిచే ఒక రికార్డు ప్లేయరు, కీర్తనల ప్లేట్లు. అన్నిటికీ అడుగున, కంచంలో సగమంత, ఒక చిన్న ప్లేటు. దాని కవరు మీద ఐదుగురు పిల్లలు. ఒకడు టోపీ కళ్ళమీదికి లాక్కున్నాడు. చిన్నవాడికి ముందు పళ్ళు లేవు. ఐదుగురూ నల్లగా, మన వాడలో పిల్లల్లాగే ఉన్నారు.

"ఇంగ్లండుల గూడ వాడ ఉన్నదన్నట్టు" అన్నాడు పెద్దబాపు.

ప్లేటు పెట్టి చూశారు. ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా అది దేవుని పాటేనని ఎవరికీ అనుమానం రాలేదు. ప్రార్థన చేసి తెరిచిన ట్రంకులోంచి ఇంకోటి ఎట్లా వస్తుంది? అయ్యగారు కూడా తల ఊపారు. పైగా గొంతు. కవరు మీద చూస్తే పాలపళ్ళ పిల్లలు, ప్లేటులోంచి వచ్చేదేమో గడ్డాలు నెరిసిన పెద్దమనుషుల గొంతు, లోతుగా, బరువుగా, ఒక్కో మాట ఈడ్చి ఈడ్చి. చిన్నపిల్లల నోట ఆ గొంతు పలికించడం దేవుడికి తప్ప ఎవరికి సాధ్యం అని ఆడవాళ్ళు కొంగులు కళ్ళకు ఒత్తుకున్నారు.

పెద్దబాపు మాత్రం గొంతు వినలేదు. కళ్ళు మూసుకుని కింద కొట్టే దెబ్బ విన్నాడు. మన డప్పులో దెబ్బ అడుగుతో పాటు పడుతుంది. ఆ పాటలో అడుగు నేల మీద పడ్డప్పుడు దెబ్బ ఉండదు. అడుగు గాలిలో ఉన్నప్పుడు పడుతుంది. ముందు ఖాళీ, తర్వాత దెబ్బ. పెద్దబాపు లేచి నాలుగు అడుగులు వేసి చూశాడు. ఆ ఖాళీలో కాలు తొందరపడడం లేదు, ఆగి, చూసి, దిగుతోంది.

"శవానికి గిదే నడక" అన్నాడు.

డప్పు వద్దన్నారు గానీ ట్రంకు వద్దనలేదు కదా. దాని మూత ఊడదీసి, మెడకు తాడు కట్టుకుని, ఆ తర్వాత వచ్చిన చావులో ఆయన ముందు నిలబడ్డాడు. అప్పటినుంచి అదే మా ఆచారం. శవం లేవబోయే ముందు ఇంట్లో ప్లేటు ఒకసారి పెడతారు. పాట అయిపోగానే పెద్దబాపు కుడి భుజం ఎత్తి, సూదిలో దారం ఎక్కించేవాడిలా ఎడమ కన్ను మూసి, మూత మీద మొదటి దెబ్బ వేస్తాడు. అక్కడినుంచి బొందలగడ్డ దాకా శవం వైపు ముఖం పెట్టి వెనక్కి నడుస్తాడు. ఒక్కసారీ రాయి తగల్లేదు. ఆయన వెనక పెద్దమ్మ తన సొంత మాటలు కట్టి పాడేది: "నడువు నాయినా నడువు, నీడ పట్టున నడువు". పెట్టె నీళ్ళ కుండలా నిలకడగా పోయేది. ఒకసారి సంతకు పోతున్న గొర్రెల మంద మా వెనక పడి, అడుగు తప్పకుండా బొందలగడ్డ దాకా వచ్చింది. ఆ గొర్రెలు మళ్ళీ మామూలు నడక నడవలేదని వాటి గొల్లాయన ఇప్పటికీ నన్ను చూస్తే మొహం తిప్పుకుంటాడు.

ఆ ఇద్దరికీ పిల్లలు లేరు. కవరు మాత్రం వాళ్ళింట్లోనే గోడకు ఉండేది. పెద్దమ్మ ఆ ఐదుగురికీ పేర్లు పెట్టుకుంది. టోపీవాడు సమూయేలు. పళ్ళు లేనివాడికి పేరు లేదు, ఉత్త చిన్నోడు. "మా చిన్నోడు సరిగ్గ తినడు" అని వచ్చినవాళ్ళతో అనేది. వాళ్ళిద్దరి మధ్య తెగని పంచాయితీ ఒక్కటే. ఆ ఐదుగురిలో పాడుతున్నది ఎవరు?

"పెద్దోడే. గంత పెద్ద గొంతు ఇంకెవరికుంటది?" పెద్దబాపు.

"చిన్నోడు." పెద్దమ్మ.

"పండ్లే లేవు వానికి."

"పండ్లతోని పాడుతరా యాడనన్న?"

మళ్ళీ చావొచ్చేదాకా ఇదే. చావొచ్చినప్పుడు ప్లేటు వినేసి మళ్ళీ మొదటికి వచ్చేవాళ్ళు.

తెలంగాణ వచ్చాక కొన్నాళ్ళకు పాత అయ్యగారు కాలం చేశారు. ఆయన్నీ ఆ పాటతోనే పంపాం. ఆయన జాగాలో హైదరాబాదు నుంచి కొత్త అయ్యగారు వచ్చారు. కుర్రవాడు. మోటరుసైకిలు, నల్ల బూట్లు, కీబోర్డు. మెత్తని మనిషి. అదే వచ్చిన తంటా, కోపిష్టి అయితే తగాదా పడి గెలిచేవాళ్ళం. ఆయన మా వాడలో చూసిన మొదటి చావు అయిపోగానే పెద్దబాపు దగ్గరికి వచ్చి, "తాతా, ఈ మూత మీద కొట్టేదేం పాట?" అన్నారు.

ఖాళీ. తర్వాత, "దేవుని పాటనే అయ్యగారూ. ఇంగ్లండు ట్రంకుల వచ్చింది."

ఆయన గోడమీది కవరును ఫోనుతో ఫొటో తీసుకుని పోయారు. ఆదివారం ఆరాధన అయ్యాక, అందర్నీ కూర్చోమని, చెప్పడానికి ఇబ్బంది పడుతూనే చెప్పారు. అది కీర్తన కాదు. అక్కడి రేడియోల్లో, డాన్సుల్లో మోగిన పాట. ఇద్దరు అన్నదమ్ములకు ఒకటే బూట్ల జత ఉంటే, అన్న పొద్దున బడికి వేసుకుపోతే, తమ్ముడు మధ్యాహ్నం బడికి పోవాలని గడప మీద వట్టి కాళ్ళతో కూర్చుని "తొందరగా రా అన్నా" అని పిలుస్తాడట. ఆ ట్రంకు సర్దిన ఇంట్లో పిల్లలెవరిదో ప్లేటు పొరపాటున కీర్తనల్లో కలిసి ఉంటుంది. ఇక మీదట చావులకు వద్దు.

నాకు వరుసకు అత్త అయ్యే ఒకావిడ లేచి అంది, "అంటే మా నాయినను బూట్ల పాటతోని పంపినమా? మరి యాడికి పోయిండో ఏమో."

"మీ నాయిన యాడికి పోయేటోడో మాకందరికి ఎరికే. దానికి పాటతోని పనేమున్నది?" అన్నాడు వెనకనుంచి ఎవరో. గుడి నవ్వింది. అయ్యగారూ నవ్వారు. పెద్దబాపు నవ్వలేదు.

ఎందుకంటే అప్పటికి పెద్దమ్మ మంచంలో ఉంది. పక్షవాతం. ఒక పక్క పడిపోయింది, మాట ముద్దగా వచ్చేది. మహబూబ్‌నగర్ పెద్ద దవాఖానలో చూసి, ఇంటికి తీసుకుపోయి బాగా చూసుకోమన్నారు. దాని అర్థం మాకు తెలుసు, ఆమెకూ తెలుసు.

నాలుగు రోజులాగి పెద్దబాపు నన్ను తోడు రమ్మన్నాడు, అయ్యగారి ఇంటికి. దారిలో చెప్పాడు.

"మేం మాట అనుకున్నం ర. నేను ముందుగాల పోతె ఆమె పాడుతది. ఆమె పోతె నేను కొట్టాలె. ఇప్పుడు వద్దంటున్నరు గద."

"నేను మాట్లాడుత పెద్దబాపూ" అన్నాను. "గా పిల్లలు పెద్దగయినంక ఐదుగురికి ఐదుగురు పాస్టర్లయిన్రని చెప్త. ఒకాయన ఇక్కడికొచ్చి మీటింగు గూడ పెట్టిండని చెప్త. నేను చూసిన."

ఆయన చాలా దూరం నడిచాడు. తర్వాత, "నువ్వు చెప్తె నమ్ముతడు. గదే నా భయం" అన్నాడు. ఇంకొంచెం నడిచాక, "దాన్ని అబద్ధంతోని సాగనంపుతనా ర నేను?"

నా జీవితంలో ఒక అబద్ధం నోటిదాకా వచ్చి వెనక్కి పోవడం అదొక్కసారే.

అయ్యగారు కుర్చీలు వేసి, నీళ్ళిచ్చి, అంతా విన్నారు. "తాతా, నాకు మీ మీద ఏమీ లేదు. నిజంగా. కానీ సమాధి ఆరాధనలో బూట్ల పాట అంటే నన్నడిగేవాళ్ళకు నేనేం చెప్పాలి? మీరే చెప్పండి."

"ఒక్కపారి వినిపిస్తరా?" అన్నాడు పెద్దబాపు. "మా ప్లేయరు కరాబయి చాన రోజులైంది. ఈ నడుమ పాట పెడ్తలేము, ఉత్త మూతనే కొడుతున్న."

అయ్యగారు ఫోనులో పాట పెట్టారు.

చెంగుచెంగున ఎగిరే పాట. సన్నటి, పదునైన పసి గొంతు. పెద్దబాపు కుర్చీలో వెనక్కి జరిగాడు.

"గిదెవరు?"

"ఆ పిల్లలే తాతా. అదే పాట."

"కాదు. మావోళ్ళది పెద్ద గొంతు."

అయ్యగారు ఫోను ఆపి, "మీ ప్లేయరు దేనితో నడిచేది?" అన్నారు.

"సెల్లులతోని." ఈసారి జవాబు నేనే చెప్పాను. చెప్తుండగానే నాకు వెలిగింది. కొత్త సెల్లులు ఎవడు కొన్నాడు? టార్చిలైట్లలో అయిపోయినవే ఎండలో పెట్టి, కాస్త వేడెక్కాక ప్లేయరులో వేసేవాళ్ళం. మొదటినుంచీ ఆ ప్లేటు కాళ్ళీడ్చుకుంటూనే తిరిగింది. నిదానమైన కొద్దీ గొంతు లావైంది. మా వాడ విన్న ఆ గడ్డాల గొంతు దేవుడి మహిమా కాదు, పెద్దవాళ్ళదీ కాదు. అయిపోయిన సెల్లులది.

పెద్దబాపుకు నేను విప్పి చెప్పాను. విన్నాడు. ఎప్పటికన్నా పెద్ద ఖాళీ వచ్చింది. నేను అయ్యగారి వైపు చూడలేక గోడవైపు చూశాను. చివరికి, "పిల్లలేనా పాడింది" అన్నాడు. "నిజంగ పిల్లలేనా?"

తర్వాత లేచి నిలబడి, "అయ్యగారూ, జర మా ఇంటిదాంక వస్తరా? గా ఫోను పట్టుకొని" అన్నాడు.

పెద్దమ్మ గోడవైపు పడుకుని ఉంది, కవరు కనపడేలా. అయ్యగారు మంచం పక్కన కింద కూర్చుని ఫోను ఆమె చెవి దగ్గర పెట్టారు. ఆమె మొదట కనుబొమలు ముడిచింది. తర్వాత ముడి విప్పింది. బాగున్న చెయ్యి మెల్లగా లేచింది, గాలిలో కొంచెం ఊగింది, కవరు మీద పళ్ళు లేనివాడి దగ్గర ఆగింది.

"వీడు" అంది. ముద్దగానే అంది, కానీ అందరికీ అర్థమైంది.

పెద్దబాపు అయ్యగారి వైపు చూశాడు, జడ్జీ వైపు చూసినట్టు. అయ్యగారు ఫోనులో ఆ పిల్లలు పాడుతున్న వీడియో వెతికి చూపించారు. మైకు ముందు చిన్నవాడే. పీట మీద నిలబెట్టారు వాడిని, మైకు అందడానికి.

పెద్దబాపు చూశాడు. ఫోను ఆమెకు తిప్పి చూపించాడు. "నువ్వే గెలిచినవ్ తియ్యి" అన్నాడు. ఆమె నవ్వు సగం ముఖంలోనే వచ్చింది, కానీ ఏం తక్కువ కాలేదు.

వెళ్ళేటప్పుడు గడప దగ్గర అయ్యగారు బూట్లు తొడుక్కుంటూ చాలా ఆలస్యం చేశారు. తాడు ముడి వేస్తారు, విప్పుతారు. చివరికి తల ఎత్తకుండానే, "తాతా, ఆ మూత మాత్రం వద్దు. నన్ను ఇబ్బంది పెట్టకండి" అన్నారు.

"సరే" అన్నాడు పెద్దబాపు. ఈసారి ఖాళీ లేకుండా, వెంటనే.

ఆ సంక్రాంతి దాటకముందే పెద్దమ్మ పోయింది.

పెట్టె లేపేటప్పుడు నేను ముందు ఎడమ భుజం. వాకిట్లో అందరి కళ్ళూ పెద్దబాపు మెడ వైపే. తాడు లేదు, మూత లేదు. మాటిచ్చాడు, నిలబడ్డాడు. వట్టి చేతులతో వచ్చి పెట్టె ముందు, దాని వైపు ముఖం పెట్టి నిలబడ్డాడు. ఆమెకిచ్చిన మాట సంగతి నాకు తెలుసు కాబట్టి ఆ చేతుల వైపు చూడలేకపోయాను.

అయ్యగారు ప్రార్థన చేశారు. కదిలాం. పది అడుగులు పోయామో లేదో కాళ్ళు తప్పడం మొదలైంది. నేనొకటి, పక్కవాడొకటి. బండల దగ్గర దిగుతుంటే వెనక కుడి భుజం మోసేవాడు జారాడు. పెట్టె ఒక పక్కకు ఒరిగింది. ఆడవాళ్ళు కేకలు పెట్టారు. అయ్యగారు వాక్యం పుస్తకం ఎవరి చేతిలోనో పెట్టి, ఆ నల్లబూట్లు బండ మీద జారుతుంటే కాలితోనే విడిచేసి, జారినవాడి జాగాలో భుజం పెట్టారు.

పెద్దబాపు ఆగాడు. మేం ఆగాం. ఆయన కుడి భుజం ఎత్తాడు. ఎడమ కన్ను మూశాడు.

ఏమీ కొట్టలేదు. చేతులు పక్కనే ఉన్నాయి.

కానీ ఆ భుజం లేవగానే మా కాళ్ళు లేచాయి. ఎన్ని చావులు నడిచిన కాళ్ళవి, వాటికి చెప్పేదేముంది? లేచాయి, గాలిలో ఆగాయి, ఆగి దిగాయి. ముగ్గురివీ ఒక్కసారే. వెనక నడిచే ఆడవాళ్ళవి, పిల్లలవి, అందరివీ. అయ్యగారు రెండుసార్లు తప్పారు, పెట్టె అంచు ఆయన చెవికి తగిలింది. మూడోసారి ఆయన కూడా ఆగారు. ఆ తర్వాత తప్పలేదు. దెబ్బ ఎక్కడ పడాలో అక్కడ ఏమీ లేదు. అయినా అందరికీ వినపడింది. హైవే దగ్గర లారీలు ఆపారు. మేం రోడ్డు దాటేదాకా ఒక్క డ్రైవరూ హారను కొట్టలేదు. లారీలు కూడా ఆ తాళానికే పొగ వదిలాయని నేను తర్వాత చెప్పాను. దాన్ని మీరు వదిలేయొచ్చు. మిగతాది వదలకండి.

మట్టి వేశాక అయ్యగారు దుమ్ము కాళ్ళతో పెద్దబాపు దగ్గరికి వచ్చారు. "తాతా, మీరు కొట్టలేదు" అన్నారు, నమ్మలేనట్టు.

"కొట్టలే."

ఖాళీ.

"మీరు నడిచిన్రు గద" అన్నాడు పెద్దబాపు.

ఆ తర్వాత కొన్నేళ్ళున్నాడు. సాయంత్రాలు అయ్యగారి మోటరుసైకిలు ఆ ఇంటి ముందు కనపడేది. ఫోనులో పాట పెట్టుకుని ఇద్దరూ వినేవాళ్ళు. మూత గురించి ఎవరూ అడగలేదు, ఎవరూ వద్దనలేదు. చాయ్ మాత్రం రెండు గ్లాసుల్లోనూ ఖాళీ ఉండేది.

పోయిన ఎండాకాలం పెద్దబాపు పోయాడు. ఎవరో పేరు పెట్టి పిలిచారట, ఆయన "ఊ" అనడానికి కొంచెం ఎక్కువ సమయం తీసుకున్నాడు. అంతే.

పెట్టె లేపేవేళకు అయ్యగారు ఇంట్లోంచి బయటికి వచ్చారు. మెడలో తాడు. తాడుకు ఇంగ్లండు ట్రంకు మూత. ఆయన వట్టి కాళ్ళతో మా ముందు నిలబడి, కుడి భుజం ఎత్తి, ఎడమ కన్ను మూయబోయి రెండూ మూసి, మొదటి దెబ్బ వేశారు.

సరిగ్గా అడుగు మీద పడింది. పాపం, ఎన్ని సాయంత్రాలు విన్నా హైదరాబాదు చెయ్యి. నలుగురం తడబడ్డాం. పెట్టె ఒరిగి నా చెవికి ఆనింది.

అప్పుడు లోపలినుంచి వినపడింది. మెల్లగా, తొందరేం లేకుండా.

"అయ్యగారూ, జర ఖాళీ ఉంచున్రి."

మా ఆవిడ నమ్మదు. పక్కన మోసినవాడు తనకేం వినపడలేదంటాడు. నా సంగతి మీకూ ఈపాటికి తెలిసే ఉంటుంది, నేను వాదించను. ఒక్కటి మాత్రం చెప్తాను. అయ్యగారు మాకు అంత దూరంలో ఉన్నారు, ఆయనకు వినపడే వీలు లేదు. కానీ ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఆపారు. మా అడుగు నేల మీద పడనిచ్చారు. మళ్ళీ లేచాక, గాలిలో ఉండగా, కొట్టారు.